‘ది రేవెన్’లో భయం ఎక్కడుంది?

అర్ధరాత్రి, డిసెంబరు చలి, ఆరిపోతున్న నిప్పులు, చనిపోయిన ప్రియురాలు, ఒకే మాట పలికే కాకి. అమెరికన్ కవి ఎడ్గార్ అలన్ పో రాసిన ఇంగ్లీషు పద్యం ‘ది రేవెన్’లో ఉన్న సరుకంతా ఇదే. 1845 జనవరిలో ఇది న్యూయార్క్ పత్రిక ‘ఈవెనింగ్ మిర్రర్’లో అచ్చయ్యేసరికే ఆ సరుకు పాతబడింది. ఇదే కథ వచనంలో చెప్పి చూడండి, భయం మాట దేవుడెరుగు, నవ్వొస్తుంది. పని చేసేదంతా పద్యం నడకే.

మొత్తం 18 చరణాలు, చరణానికి 6 పంక్తులు. ఇంగ్లీషు ఛందస్సు మనలా మాత్రలు లెక్కపెట్టదు, సిలబుల్ మీద పడే ఊనికను, అంటే గొంతు నొక్కి పలకడాన్ని, చూస్తుంది. పో వాడిన ట్రోకీ అనే గణంలో ఊనిక ఉన్న సిలబుల్ ముందు, లేనిది వెనక. మన హగణం (గురువు, లఘువు) లాంటిదే అనుకుంటే చాలావరకు సరిపోతుంది. ఒకటో, మూడో పంక్తుల్లో ఇలాంటి జంటలు ఎనిమిది, అంటే 16 సిలబుల్స్. రెండు, నాలుగు, అయిదు పంక్తుల్లో చివరి లఘువు తీసేశాడు, 15 మిగిలాయి. ఆరోది ఏడు సిలబుల్స్‌తోనే ఆగిపోతుంది.

గుట్టంతా ఆ కోతలో ఉంది. ఒకటో పంక్తి లఘువుతో ముగుస్తుంది కాబట్టి గొంతు ఆగకుండా రెండో పంక్తిలోకి జారుతుంది. రెండోది ఊనిక మీదే తెగుతుంది. మూడోది మళ్ళీ జారుతుంది, నాలుగు, అయిదు తెగుతాయి. అప్పటికి చెవి పంక్తికి ఎనిమిది దెబ్బలకు, అంటే ఎనిమిది ఊనికలకు, అలవాటు పడి ఉంటుంది. ఆరో పంక్తి నాలుగు దెబ్బలే ఇచ్చి ఊరుకుంటుంది. మిగతా నాలుగు దెబ్బల జాగాలో ఏమీ లేదు. ప్రతి చరణం చివరా గదిలో నిశ్శబ్దం వినిపించేది అక్కడే.

ఇక ప్రాసలు. మొదటి చరణం ఒకటో పంక్తిలో డ్రియరీ–వియరీ, మూడో పంక్తిలో న్యాపింగ్–ట్యాపింగ్. రెండు చోట్లా ఒకటి పంక్తి నడుమ, ఇంకొకటి చివర, మధ్య దూరం ఎనిమిది సిలబుల్స్. ఆ ప్రాస అక్కడితో అయిపోయిందని చెవి అనుకునేలోపు నాలుగో పంక్తి నడుమ ‘ర్యాపింగ్’ వచ్చి మళ్ళీ తడుతుంది. తలుపు చప్పుడును వర్ణించడానికి ఇంతకన్నా సూటి దారి లేదు.

మూడో చరణం ఇంకా గట్టిది. సిల్కెన్, సాడ్, అన్‌సర్టెన్, రస్లింగ్ అంటూ ‘స’కారాలు తెరను కదిలిస్తాయి. అన్‌సర్టెన్–కర్టెన్ ప్రాస మామూలు దూరంలోనే పడుతుంది. ఆ వెంటనే ‘థ్రిల్డ్ మి–ఫిల్డ్ మి’: దూరం ఎనిమిది నుంచి రెండుకు పడిపోయింది. ఊపిరి అందకపోవడం అనే మాట వాడకుండానే చదివేవాడికి ఊపిరి అందదు.

పంక్తి చివరి ప్రాస సంగతి: ప్రతి చరణంలో నాలుగు పంక్తులు ‘ఓర్’ శబ్దంతో ముగుస్తాయి. మొత్తం 108లో 72. 1846లో రాసిన వ్యాసంలో పో, దీర్ఘ ‘ఓ’ అన్నిటికన్నా నాదమున్న అచ్చనీ, ‘ర’ అన్నిటికన్నా సాగదీయగల హల్లనీ అందుకే ఎంచుకున్నాననీ లెక్క చెప్పాడు. పద్యం మొత్తాన్నీ లెక్క ప్రకారమే కట్టానన్న ఆయన మాట పూర్తిగా నమ్మనక్కర్లేదు గానీ, ఈ శబ్దం సంగతి మాత్రం చెవికి రుజువవుతుంది. కాకి పలికే ఆ ఒక్క మాట ‘నెవర్‌మోర్’ (ఇంకెన్నటికీ లేదు) ఎనిమిదో చరణం దాకా రాదు. అప్పటికే ఏడు చరణాలు ‘నథింగ్ మోర్’, ‘ఎవర్‌మోర్’ అంటూ దానికి చోటు చేసి పెట్టాయి. అందుకే కాకి నోరు తెరవగానే ఆ జవాబు మనకు ముందే తెలిసినట్టుంటుంది.

బిగ్గరగా చదివేవాళ్ళు ఒక చోట తప్పకుండా పడతారు. ఆరో పంక్తి కొలత అచ్చంగా ‘ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్’ కొలతే: ఏడు సిలబుల్స్, నాలుగు దెబ్బలు. ఎనిమిది దెబ్బలనూ సమానంగా కొడితే పద్యం పిల్లల పాటైపోతుంది. ‘ఆఫ్’, ‘యాజ్’ లాంటి చిన్న మాటల మీద ఊనిక లెక్కకు పడినా గొంతులో తేల్చేయాలి. పంక్తికి నాలుగైదు చోట్ల బరువు చాలు. చరణం చివర మాత్రం తొందరపడకూడదు, నాలుగు దెబ్బల ఖాళీని వదిలిపెట్టాలి. పదకొండో చరణం చివర ఆరు సిలబుల్సే ఉన్నాయి, ‘నెవర్’ తర్వాత ఒక గీత. లోటు అక్కడే ఆగి తీర్చాలి.

తెలుగులో ఈ నడక వస్తుందా? కొంతవరకు.

గాలి లేని రాతిరేళ
నీడ పాకె గోడపై

మొదటి పంక్తి నాలుగు హగణాలు. రెండోదాంట్లో చివరి లఘువు లేదు, ‘పై’ మీద ఆగుతుంది. ‘గోడపైన’ అని మార్చి చదవండి, లెక్క నిండుతుంది, బెదురు పోతుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి తెగాల్సిన చోట గురువు పెట్టడమే దారి. పెద్ద చిక్కు అంత్యప్రాసతో. క్రియ చివర వచ్చే భాష మనది. వచ్చెను–ఇచ్చెను–చచ్చెను అని ఎన్నైనా పేర్చుకుంటూ పోవచ్చు, అందుకే చెవి వాటిని పట్టించుకోదు. పో ప్రాసలో డోర్, ఫ్లోర్, షోర్ లాంటి నామవాచకాలు ఎక్కువ, ప్రతిదీ ఒక వస్తువును తెచ్చి ఎదురుగా పెడుతుంది. కాబట్టి క్రియను పంక్తి నడుమకు నెట్టి, చివర గోడనో నీడనో నిలబెట్టాలి.