పెన్సిల్‌తో మొదలయ్యే సాఫ్ట్‌వేర్ శిక్షణ

గుణాత్మక దత్తాంశ విశ్లేషణకు, అంటే ఇంటర్వ్యూల వంటి మాటల రూపంలోని సమాచారాన్ని విశ్లేషించడానికి, వాడే సాఫ్ట్‌వేర్‌పై నేను హాజరైన మొదటి శిక్షణలో రెండు రోజులపాటు మెనూలే చూపించారు. ఫైలు చేర్చడం, కోడ్ (వాక్యంలోని విషయాన్ని సూచించే చిన్న పేరు) సృష్టించడం, దానికి రంగు ఇవ్వడం అన్నీ వచ్చాయి. తీరా నా సొంత ఇంటర్వ్యూలు తెరిచాక, ఏ వాక్యానికి ఏ కోడ్ ఎందుకు ఇవ్వాలో తేల్చుకోలేక, కొద్ది వారాల్లోనే దాదాపు రెండు వందల కోడ్‌లు పోగుచేశాను. వాటిలో చాలావరకు ఒకే విషయానికి పెట్టిన వేర్వేరు పేర్లే.

అందుకే ఇప్పుడు నేను నిర్వహించే శిక్షణలో మొదటి గంట కంప్యూటర్ ఉండదు. అందరికీ ఒకే ఇంటర్వ్యూ పుట ఇచ్చి, పెన్సిల్‌తో కోడ్ చేయమంటాను. ‘డాక్టరుగారు అడిగితే చెప్పాను, నా అంతట నేను చెప్పలేదు’ అనే వాక్యానికి ఒకరు ‘భయం’ అని రాస్తారు, ఇంకొకరు ‘అధికారం’ అంటారు, మరొకరు ఆ మాటల్నే యథాతథంగా కోడ్‌గా ఉంచుతారు. మూడో పద్ధతిని ఇన్ వివో కోడింగ్ అంటారు. ఎవరి కోడ్‌కు ఆధారం ఏమిటో వాదించుకుంటూ, ప్రతి కోడ్‌కు నిర్వచనం, అది వర్తించే సందర్భం, వర్తించని సందర్భం రాసుకుంటే కోడ్‌బుక్ తయారవుతుంది. తర్వాత సాఫ్ట్‌వేర్ తెరిస్తే దాని ఉపయోగం వెంటనే అర్థమవుతుంది. ఇద్దరి కోడింగ్ ఎంతవరకు కలిసిందో కాపా విలువగా (యాదృచ్ఛికంగా కలిసే అవకాశాన్ని మినహాయించి ఏకీభావాన్ని కొలిచే సంఖ్య) అది లెక్కకట్టి చూపగలదు కానీ, ఎక్కడ, ఎందుకు విడిపోయారో ఆ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవలసిందే.

పదాల లెక్క విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తెలుగు ఇంటర్వ్యూల్లో ‘ఇంట్లో’, ‘ఇంటికి’, ‘ఇంటినుంచి’ అనే మాటలను సాఫ్ట్‌వేర్ మూడు వేర్వేరు పదాలుగా లెక్కిస్తే, తరచుగా వచ్చే మాటల పట్టికలో ‘ఇల్లు’ ఎక్కడో అడుగున కనిపిస్తుంది. ఆంగ్ల నమూనా దత్తాంశంతో మాత్రమే సాగే శిక్షణలో ఈ చిక్కు బయటపడదు.

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్న ప్రశ్న ప్రతి సెమినార్‌లోనూ వస్తుంది. ఎన్‌వివో, అట్లాస్.టిఐ, మాక్స్‌క్యూడిఎ మూడింటిలోనూ కోడింగ్, మెమో (విశ్లేషణలో తీసుకున్న నిర్ణయాలు, ఆలోచనలు రాసుకునే చిన్న నోట్), వెతుకులాట అనే ప్రధాన పనులు ఉన్నాయి. ట్యాగెట్, క్వాల్‌కోడర్ ఉచితంగా దొరుకుతాయి. ఒక సాఫ్ట్‌వేర్‌లో చేసిన ప్రాజెక్టును మరొకదానికి తరలించడానికి 2019లో రెఫి-క్యూడిఎ ప్రమాణం వచ్చింది కాబట్టి, మొదటి ఎంపిక తప్పితే అంతా పోతుందన్న భయం కొంత తగ్గింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మెమోల పట్ల నిర్లక్ష్యం. కోడ్ మార్చిన రోజున కారణం నాలుగు వాక్యాల్లో రాసి ఉంచకపోతే, ఆరు నెలల తర్వాత పరీక్షకులు అడిగినప్పుడు పరిశోధకుల దగ్గర సమాధానం ఉండదు. శిక్షణలో అరగంట కేవలం మెమో రాయడానికే కేటాయిస్తాను. నెల తర్వాత జరిగే రెండో విడతకు సొంత ఇంటర్వ్యూలతో పాటు కనీసం పది మెమోలు తీసుకురమ్మంటాను. రెండో విడతలో నేను ముందుగా తెరిచి చదివేవి ఆ మెమోలే.