షవర్ రాకపోతే ముందు మేడెక్కి చూడండి

మా పైవాటాలో కొత్తగా దిగిన పిల్లలు అడిగారు: "ఆంటీ, మీకు కింద షవర్ జోరుగా వస్తుందట, మాకు చినుకులే పడుతున్నాయి. కొంచెం పెద్ద మోటారు పెట్టించరా?"

మోటారుకీ షవరుకీ సంబంధం లేదని చెబితే ముందు నమ్మలేదు. హన్మకొండలో మాలాంటి ఇళ్లలో మోటారు చేసే పనల్లా సంపులో నీళ్లను మేడ మీది ట్యాంకుకు ఎక్కించడమే. అక్కణ్నుంచి నల్లా దాకా నీళ్లు తమ బరువుతోనే దిగుతాయి. 10 మీటర్ల ఎత్తు నీళ్లుంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మా ట్యాంకు మేడ మీద నాలుగడుగుల దిమ్మె మీద ఉంది, పైవాటా షవర్ స్లాబుకు మూడున్నర అడుగుల దిగువన. మొత్తం ఏడున్నర అడుగులు. పావుకిలో ఒత్తిడి కూడా రాదు. కింద మాకు ఇంకో అంతస్తు ఎత్తు కలిసొస్తుంది కాబట్టి అరకిలో దాటుతుంది. పెద్ద మోటారు పెడితే ట్యాంకు తొందరగా నిండుతుంది, అంతే. దిమ్మె ఎత్తు పెంచాలి, లేదా పైవాటా లైనుకు చిన్న ప్రెషర్ పంపు పెట్టాలి. ఇంకో దారి, షోరూములో చూసి ముచ్చటపడ్డ ఆ పళ్లెమంత షవర్ తీసేసి చిన్నది బిగించుకోవడం. వాళ్లు మూడోదానికి ఒప్పుకున్నారు.

అసలు ఎవరైనా కొత్త ఇంట్లోకి దిగితే పాలు పొంగించిన మర్నాడే మేడెక్కి ట్యాంకు దగ్గరి వాల్వులు చూసుకోవాలంటాను. మావి నాలుగు. ఏది ఎటు పోతుందో ఒక్కొక్కటీ కట్టి, కింద నల్లాలు తిప్పి చూసి, గోడ మీద ఎర్ర పెయింటుతో రాయించాను: వంట, కింది బాత్రూము, పైవాటా, తోట. అర్ధరాత్రి పైపు పగిలితే ప్లంబరు ఫోనెత్తడు. ఆ ఒక్క లైను కట్టేసి పడుకోవచ్చు. పిడి ఉన్న బాల్ వాల్వయితే చూడగానే తెలుస్తుంది, పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే కట్టినట్టు. చక్రం ఉండే పాత గేటు వాల్వుతోనే తంటా. మా బోరు నీళ్లు ఉప్పువి. ఏడాదిపాటు ముట్టకపోతే లోపల తెల్లగా పేరుకుని బిగుసుకుపోతుంది, అవసరానికి బలంగా తిప్పితే పిడి విరిగి చేతికొస్తుంది. అందుకే నెలకోసారి ప్రతిదాన్నీ మూసి తెరుస్తాను. మా ఆయనకు ఇదొక పిచ్చిలా కనిపిస్తుంది. కనిపించనీ.

ట్యాంకు పక్కన పైన మూత లేకుండా, ట్యాంకు కంటే ఎత్తుగా ఒక పైపు నిలబడి ఉంటుంది. దాన్ని చాలామంది అనవసరమని కోయించేస్తారు. అది గాలి పైపు. ట్యాంకు అడుగంటి మళ్లీ నిండినప్పుడు లైనులో చిక్కిన గాలి అందులోంచే బయటికి పోతుంది. అది లేకపోతే ట్యాంకు నిండా నీళ్లున్నా నల్లా బుస్సుమని ఊరుకుంటుంది.

మున్సిపాలిటీ నల్లాకు నేరుగా మోటారు పెట్టేవాళ్ల మీద మాత్రం నాకు జాలి లేదు. మోటారు గుంజితే వీధి పైపులో ఒత్తిడి పడిపోతుంది. అక్కడెక్కడైనా చిల్లుంటే పక్కనున్న మోరీ నీళ్లు కూడా లోపలికి వస్తాయి. అవి తాగేది వాళ్లొక్కరే కాదు, వీధి వీధంతా.

వాడిన నీళ్ల సంగతి వేరు. వాటికి ఒత్తిడి ఉండదు, వాటం ఒక్కటే దిక్కు. నాలుగంగుళాల పైపుకు 40 అడుగులకు అడుగు వాలు ఇవ్వాలి. వాసన రాకుండా కాపాడేది ట్రాపులో, అంటే పైపు వంపులో, నిలిచే రెండంగుళాల నీళ్లే. కమోడ్ కింద ఆ వంపును 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు పేటెంటు చేశాడు. ఇప్పటికీ దాన్ని మించింది రాలేదు. చుట్టాలొస్తేనే తెరిచే బాత్రూము ఎండాకాలంలో కంపు కొడుతుందంటే జాలీ కింద ఆ నీళ్లు ఎండిపోయాయన్నమాట. ఫినాయిల్ కాదు, ఓ చెంబెడు నీళ్లు పోయండి. పైన ఫ్లష్ కొట్టినప్పుడల్లా కింద జాలీ గుడగుడమంటే వాడిన నీళ్ల లైనుకు గాలి అందించే, మేడ మీది వెంట్ పైపు మూసుకుపోయిందేమో చూడాలి. గాలి అందక, దిగే నీళ్లు ట్రాపులో నీళ్లను కూడా లాక్కుపోతుంటాయి. మాకైతే ఓసారి అందులో పిచ్చుక గూడు దొరికింది. పిల్లలు ఎగిరిపోయాకే తీయించాం.

ఇక రాత్రి మోటారు వేసి పడుకుంటే తెల్లారేసరికి ట్యాంకు సగమైతే ముందు అనుమానించాల్సింది ఫ్లష్ ట్యాంకును. లీకయ్యే నీళ్లు చప్పుడు లేకుండా కమోడ్ గోడల వెంట జారిపోతాయి, కంటికి ఆనవు. బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు ఫ్లష్ ట్యాంకులో వేసి, ఓ అరగంట ఎవర్నీ ఫ్లష్ కొట్టొద్దనండి. కమోడ్‌లో నీళ్లు నీలంగా మారితే లోపలి రబ్బరు వాషరు పోయినట్టే. కొత్తది కొనడానికి వెళ్లేటప్పుడు పాతది జేబులో వేసుకెళ్లండి, కంపెనీ కంపెనీకీ సైజు మారుతుంది.