గోపాలపూర్ దాకా గాలి తోడు

ఒడిశాలోని బరంపురంలో మా వీధి వాళ్లకి గోపాలపూర్ అంటే బస్సెక్కి వెళ్లే సముద్రపొడ్డు ఊరు. నాన్నకి మాత్రం సైకిలెక్కి వెళ్లే ఊరు. మగ్గం మానేసి ఎనిమిదేళ్లయినా ఆయన నల్ల సైకిలు మానలేదు. "మాఘమాసం వచ్చింది, గాలి కుదిరింది, ఎల్దామేట్రా?" అని శనివారం రాత్రి అడిగితే కాదనబుద్ధి కాలేదు. ఆయనకిప్పుడు అరవై ఆరు.

గాలి కుదరడం ఉత్తమాట కాదు. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, సముద్రం అంత త్వరగా చల్లబడదు. అందుకని తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. పొద్దెక్కి నేల కాగాక అది అటు నుంచి ఇటు తిరుగుతుంది. ఐదున్నరకి బయల్దేరి పదింటికి తిరుగుముఖం పడితే రెండు వైపులా వీపు మీదే గాలి. ఇది నాన్నకి ఎవరూ చెప్పలేదు, పదహారో ఏట తొక్కి తొక్కి తెలుసుకున్నారు.

దూరం 16 కిలోమీటర్లు. రోడ్డు దాదాపు చదునే. అంబపువా దాటాక ఊరు పలచబడింది. జాతీయ రహదారి 16 దగ్గర లారీల ధాటికి ఇద్దరం దిగి సైకిళ్లు నడిపించుకుంటూ దాటాం. కొత్తవాళ్లు ఎవరైనా అక్కడ తొందర పడొద్దు. భంజవిహార్‌లో యూనివర్సిటీ గేటు ముందు నా గేర్ల సైకిలు చైను ఊడింది. నాన్న వేలికి నల్లగా అంటించుకుని రెండు నిమిషాల్లో ఎక్కించేశారు.

అక్కణ్నుంచి సముద్రం దగ్గర పడే కొద్దీ గట్ల మీద మొగలి పొదలు. ముళ్ల అంచుల ఆకులు, కర్రలు పాతినట్టు నేలలోకి దిగిన ఊడలు. పువ్వు ముఖ్యంగా వానల్లోనే పూస్తుంది. మా గంజాం జిల్లా మొగలి అత్తరు దేశమంతా వెళ్తుంది. పువ్వుల్ని రాగి డేగిసాల్లో నీళ్లతో మరిగించి ఆవిరి పట్టి తీస్తారు. ఇప్పుడు పువ్వు లేదు, అయినా నాన్న ఒక పొద దగ్గర ఆగి గట్టిగా ఊపిరి పీల్చారు. నాకు మంచు తడి వాసనే తెలిసింది.

ఏడింటికి గోపాలపూర్. ఒడ్డునున్న చిన్న పార్కులో బెంచీ మీద కూచుని ఇడ్లీ, గుగ్ని అనే బఠాణీల కూర తిన్నాం. వెనక లైట్‌హౌస్, ముందు నీళ్లు. ఒకప్పుడు ఇక్కణ్నుంచి స్టీమర్లు రంగూన్ వెళ్లేవి. గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి కూలికెళ్లిన మనవాళ్లు ఈ ఒడ్డునే ఓడ ఎక్కారు. మా తాత అన్న అలాగే వెళ్లి తిరిగి రాలేదు. ఇంట్లో ఫొటో కూడా లేదు. నాన్న ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ ఇద్దరం కాసేపు నీళ్లూ ఆకాశం కలిసే ఆ గీతనే చూశాం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను వచ్చింది కూడా ఆ గీత అవతల నుంచే.

పార్కు దిగితే ఇసుకలో తెప్పలు, వలలు. ఇక్కడి జాలర్లని ఒడియావాళ్లు నోలియాలంటారు, వాళ్ల ఇళ్లలో మాత్రం తెలుగే. గంజాం 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒరిస్సాలోకి వెళ్లింది. కాగితాలు మారినా ఈ ఒడ్డున కబుర్లు మారలేదు. పొద్దున్న దొరికిన నెత్తళ్ల బేరం శ్రీకాకుళం యాసలోనే సాగుతోంది.

ఒకాయన వల బాగు చేసుకుంటున్నాడు. కాలి బొటనవేలికి వల కన్ను, అంటే వలలోని ఒక గడి, తగిలించి, వెదురు సూదికి చుట్టిన దారంతో చిరిగిన చోట కొత్త కళ్లు అల్లుతున్నాడు. ప్రతి కన్నుకీ ఒక ముడి, వేలు అడ్డం పెట్టి కొలత. చూపు మాత్రం వల మీద లేదు, అలల మీద ఉంది. నాన్న పక్కనే గొంతుక్కూచున్నారు.

"నేసినోణ్ని తమ్ముడూ. మా పట్టులో ముడి పడితే తప్పు. నీకు ముడే పని."

"అవును బాబూ. ముడి జారితే చేప జారిపోద్ది."

ఆయన సూది నాన్న చేతికిచ్చాడు. నలభై ఏళ్లు మగ్గం మీద నాడె విసిరిన చెయ్యి మొదటిసారి తడబడింది. వేలు సరిగ్గా పెట్టి, దారం కింద నుంచి తెచ్చి చూపించాడు. మూడు కళ్లు అల్లేసరికి ఎండ ఎక్కింది. వాటిలో ఒకటి వదులైతే ఆయన నవ్వకుండా విప్పి మళ్లీ వేశాడు. పని తెలిసిన మనిషి పని తెలిసిన మనిషికిచ్చే మర్యాద అది, నాకు చాలా నచ్చింది.

పది దాటాక తిరుగుముఖం పట్టాం. సరుగుడు తోపుల మీదుగా గాలి వీపున తగిలింది. నాన్న చెప్పిన వేళకే.

ఆ రాత్రి అటక మీంచి దారం చుట్టే పాత కండె దింపి, పట్టు దారంతో ఆ ముడి వేసి చూశారు. రెండుసార్లు జారింది. మూడోసారి లాగి చూసి, నన్ను కూడా లాగి చూడమన్నారు.