నాన్నగారి టాంగైల్ జంప్: ముందు రికార్డు, తర్వాతే లెక్కలు

1971 బంగ్లాదేశ్ యుద్ధంలో, డిసెంబరు 11 సాయంత్రం, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగైల్ దగ్గర పారాచూట్లతో దూకిన మన సైనికుల్లో ఇవాళ మిగిలినవాళ్లకి ఎంత లేదన్నా డెబ్బై దాటి ఉంటాయి. అలాంటి నాన్నగారి కబుర్లు రికార్డు చేద్దామని పిల్లలు ఫోన్ ముందు పెట్టి కూర్చుంటారు, ఆయన మొదలుపెడతారు. రెండో నిమిషంలోనే "అలా కాదు నాన్నా, నెట్‌లో వేరేగా ఉంది" అంటారు వీళ్లు. అంతే, "ఏమోలే, నాకూ సరిగ్గా గుర్తులేదు" అని ఆయన లేచిపోతారు. రికార్డు చేసేటప్పుడు సరిదిద్దకండి. సరిచూసే పని వేరే రోజుది, వేరే ఫైలుది.

పొద్దున టిఫిన్ అయ్యాక కూర్చోబెట్టండి. రాత్రిపూట ఈ మాటలు కదిపితే నిద్ర పట్టని వాళ్లున్నారు. నలభై నిమిషాలు చాలు. ఫ్యాన్ కట్టేయండి, వంటింట్లో మిక్సీ ఆపమనండి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. కాలర్ మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. శాలువా తగిలితే గరగరమంటుంది. ఒకే ఛానెల్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు గంటకి సుమారు 520 ఎం.బీ. అవుతుంది. దాన్ని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే నాణ్యత నాశనమే. మొదటి పది సెకన్లలో తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారో మీ గొంతుతో చెప్పండి. ఫైలు పేరు ఎవరైనా మార్చేసినా ఆ మాట పోదు.

"యుద్ధం ఎలా ఉండేది నాన్నా?" అని అడిగితే సినిమా డైలాగే వస్తుంది. చేతికి తగిలేవి అడగండి. విమానంలో ఎదురుగా ఎవరు కూర్చున్నారు? స్టిక్‌లో (వరసగా ఒకేసారి దూకే జట్టులో) మీది ఎన్నో నంబరు? స్టాటిక్ లైన్ (దూకగానే పారాచూట్‌ని దానంతటదే తెరిపించే పట్టీ) విమానంలోని తీగకి హుక్ చేశాక వెనకవాడు ఏం సరిచూశాడు? ఏ పక్క తలుపులోంచి దూకారు? ఈ చివరిదాంట్లో ఒక కిటుకుంది. ఆ రోజు ఆన్-12, ప్యాకెట్, కారిబూ, డకోటా అనే నాలుగు రకాల రవాణా విమానాలు వెళ్లాయి. డకోటాకి దూకే తలుపు ఎడమ పక్కే. ప్యాకెట్‌కి రెండు పక్కలా ఉంటాయి. "కుడి తలుపు" అన్నారంటే డకోటాని కొట్టేయొచ్చు. బయల్దేరింది డమ్‌డమ్ విమానాశ్రయం నుంచా, కలైకుండా వైమానిక స్థావరం నుంచా అన్నదీ అడగండి. దిగింది పొలంలోనా, చెరువులోనా? సామాను చెరువుల్లో పడితే ఊరివాళ్లు లాగి మోసుకొచ్చి ఇచ్చారు కాబట్టి ఇక్కడ కబుర్లు బాగా వస్తాయి.

ఇక సరిచూసే రోజు. ముందు గడియారం సంగతి: ఢాకా సమయం మనకంటే అరగంట ముందు. ఒకరు నాలుగున్నర, ఇంకొకరు అయిదు అన్నా ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. డిసెంబరులో అక్కడ మన లెక్కన నాలుగు ముప్పావుకల్లా పొద్దు గూకుతుంది. రెండోది వెన్నెల. పాత విరోధికృతు నామ సంవత్సర పంచాంగం ఎవరింట్లోనైనా దొరికితే తీయండి. మార్గశిర పున్నమి డిసెంబరు 2న పడింది. 11 నాటికి బహుళ నవమి, దశమి. అర్ధరాత్రి బాగా దాటాకే చంద్రుడొస్తాడు. ఆ రోజు దూకినవాళ్లు పట్టుకోవాల్సింది పూంగ్లీ వంతెన. "వెన్నెల్లో పూంగ్లీ వంతెన పట్టుకున్నాం" అని ఆయన అంటే, వంతెన చేజిక్కిన తొలిజాము, తర్వాత అక్కడే కాపలా కాసిన తెల్లవారుజాము కలిసిపోయి ఉండొచ్చు. ఆయన మాట ఆయన మాటగానే ఉంచి, మీ లెక్క కింద వేరుగా రాయండి.

యూనిట్ విషయంలోనూ తొందరపడకండి. దిగింది 2 పారా (పారాచూట్ రెజిమెంట్ రెండో) పటాలమే అయినా దానితోపాటు ఫిరంగి దళం, ఇంజనీర్లు, ఫీల్డ్ అంబులెన్స్ వాళ్లూ ఉన్నారు. డిశ్చార్జి బుక్‌లో రెజిమెంట్ లేదా కోర్ అన్న చోట ఏముందో చూశాకే రాసుకోండి. ఇంట్లో ఉన్న పేపరు కటింగ్‌నీ నమ్మేయకండి. అప్పట్లో పత్రికలకి వెళ్లింది ఆగ్రా విన్యాసాల పాత ఫోటో. దిగింది సుమారు 700 మందైతే, అయిదు వేలమంది అన్న వార్త ప్రపంచమంతా పాకింది.

డిశ్చార్జి బుక్‌ని లామినేషన్ చేయించే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది. దయచేసి వద్దు. ఆ వేడికి కాగితం దెబ్బతింటుంది, ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు. 600 డి.పి.ఐ.లో స్కాన్ చేసి అసలుది కాటన్ కాగితంలో పెట్టండి. ఇన్‌లాండ్ లెటరైతే మడతలు, 56 లేదా 99 ఎ.పి.ఓ. (సైన్యం పోస్టాఫీసు) చిరునామా, పోస్టు ముద్ర కనపడేలా రెండు వైపులా తీయండి. ఫోటో వెనక బాల్‌పెన్ను వాడితే గీతలు ముందుకి ఉబ్బుతాయి, మెత్తటి పెన్సిల్ చాలు. పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ నల్లబడ్డాయని చింతపండుతో తోమకండి. వాటి మీద చెక్కిన నంబరు, పేరు అరిగిపోతే ఆ మెడల్ ఎవరిదో చెప్పే ఆధారం పోయినట్టే.

మాటల్ని రాతలో పెట్టడానికి గంట ఆడియోకి అయిదారు గంటలు కేటాయించుకోండి. ఫోన్ దానంతటదే రాసేదాంట్లో "డీజెడ్" (డ్రాప్ జోన్, అంటే దిగే చోటు) ఏదో అయిపోతుంది, హిందీ కలిసిన తెలుగు మరీ ఘోరం. ఆయన "స్టిక్", "డీజెడ్" అంటే అలాగే ఉంచి, అర్థం చివర్లో ఇవ్వండి. "అవరోహణ స్థలం" అని దిద్దారంటే అది ఆయన మాట కాదు.

రికార్డర్ ఆపే ముందు ఒకటి అడగండి: ఇందులో ఏది ఇంటి గడప దాటకూడదు? పోయిన తోటివాడి పేరు గానీ, అతని చివరి క్షణాల సంగతి గానీ చెప్పి ఉంటారు. అలాంటి మాటలు రికార్డింగ్‌లో ఎన్నో నిమిషంలో వచ్చాయో రాసుకుని, వాటిని తీసేసిన రెండో కాపీ చేయండి. అసలు ఫైలు మాత్రం ఇంట్లో ఒక డిస్కులో, వేరే ఊళ్లో అక్కయ్య దగ్గర ఇంకో దాంట్లో ఉండాలి.