ఇజెన్ బిలంలో నీలి మంటలు

ఇజెన్ ఎక్కేవాళ్లు అర్ధరాత్రి దాటాక బయల్దేరతారు. నీలి మంటలు చీకట్లోనే కనిపిస్తాయి మరి. ఇండోనేషియాలో జావా ద్వీపం తూర్పు కొసన, బన్యువంగి దగ్గర ఉంది ఈ అగ్నిపర్వతం. నడక మొదలయ్యే పాల్తుడింగ్ నుంచి బిలం అంచు దాకా మూడు కిలోమీటర్ల ఎక్కుడు. అంచు చేరాక మా గైడు ఒక్కొక్కరి గ్యాస్ మాస్కు పట్టీలూ తనే బిగించి చూసి, ఆ తర్వాతే లోపలికి దిగనిచ్చాడు.

దిగుడంతా రాళ్లే. అడుగున మంటలు కనిపించగానే కాళ్లు కదల్లేదు. పగుళ్లలోంచి నీలంగా పుట్టి, వాలు వెంట పాకి, ఆరిపోయి, పక్కనే మళ్లీ అంటుకుంటున్నాయి. చాలామంది అనుకునేట్టు అది లావా కాదు. దాదాపు 600 డిగ్రీల వేడితో బయటికొచ్చే గంధకపు వాయువు, గాలి తగలగానే అంటుకుంటుంది. కొంత ద్రవమై, మండుతూనే కిందికి జారుతుంది. అంత అందమైన మంటను నేనింతవరకు చూడలేదు.

అంతలో గాలి మళ్లింది. తెల్లటి పొగ కమ్మేసింది. కళ్లు భగ్గుమన్నాయి, మాస్కు ఉన్నా గొంతు పట్టేసింది. గైడు మమ్మల్ని రాయి చాటున కూర్చోబెట్టాడు. అదే పొగలోంచి ఒక గని కార్మికుడు పైకి వచ్చాడు. భుజాన వెదురు కావడి, రెండు బుట్టల్లో పసుపుపచ్చ గంధకపు పెళ్లలు, పళ్ల మధ్య తడిగుడ్డ. బరువు డెబ్బై, ఎనభై కిలోలుంటుందట. అడుగేసినప్పుడల్లా కావడిబద్ద కిర్రుమంటోంది. అది ఆనేచోట భుజం కాయకట్టి ఉబ్బి ఉంది. మేం రాళ్లకు ఒదిగి దారి ఇచ్చాం.

తెల్లవారాక సరస్సు బయటపడింది. సుమారు కిలోమీటరు వెడల్పున పాలు కలిపిన పచ్చరంగు నీళ్లు. నిజానికవి నీళ్లు కావు, బ్యాటరీలో పోసే యాసిడ్ లాంటివి. 2018 మార్చిలో ఇక్కడ విషవాయువు ఎగదన్ని కింది పల్లెల జనం ఆసుపత్రి పాలయ్యారు. 2019 డిసెంబరులో న్యూజిలాండ్‌లోని వకారి అగ్నిపర్వత దీవిలో ఆవిరి పేలినప్పుడు అక్కడ 47 మంది ఉన్నారు, 22 మంది చనిపోయారు. లావా పొంగకుండానే ప్రాణాలు పోతాయి. అందుకే హెచ్చరిక స్థాయి పెరిగిన రోజున అంచు దగ్గరికి కూడా వెళ్లకూడదంటాను, టికెట్ల డబ్బు పోయినా సరే.

తిరిగి ఎక్కుతుంటే ఖాళీ బుట్టలతో కార్మికులు దిగుతున్నారు. ఆ గంధకంలో కొంత చక్కెరను తెల్లబరచడానికి పోతుంది. కాసేపు చూసిపోయే మాకు మాస్కులు, రోజూ ఆ పొగ పీల్చేవాళ్లకు తడిగుడ్డ! ఇది నాకు మింగుడుపడలేదు. మేం కట్టే ప్రవేశ రుసుములోంచి ముందుగా వాళ్లకు మంచి మాస్కులు, ఎప్పటికప్పుడు మార్చుకునే ఫిల్టర్లు కొనివ్వాలి. ఫొటోల కోసం వాళ్ల కావడికి అడ్డం నిలబడే మాలాంటివాళ్లను ఆ ఇరుకు దారిలోకి ఇంత పెద్ద సంఖ్యలో వదలడం కూడా ఆపాలి.