సార్ యాడుండాడు?

మూడేళ్లు ఒక ఎమ్మెల్యే దగ్గర పనిచేశాను, మా అనంతపురం జిల్లాలోనే. ఆయన పేరు ఇక్కడ రాయను, నియోజకవర్గం కూడా. ఆ మూడేళ్లలో నా ఫోన్‌కు ఎక్కువసార్లు వచ్చిన మాట ఒక్కటే: "అన్నా, సార్ యాడుండాడు?" ఊళ్లోనే ఉన్నాడంటే అవతల సంతోషం, అమరావతిలో ఉన్నాడంటే గొంతు చిన్నబోయేది.

పొద్దున ఆరుకల్లా ఆఫీసు ముందు జనం. ఆగిపోయిన పింఛను, పాస్‌బుక్‌లో తప్పు పడిన సర్వే నంబరు, సీఎం సహాయనిధికి ఆసుపత్రి బిల్లులు, తిరుమల దర్శనానికి లెటరు. తొమ్మిది దాటితే కారెక్కి పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, పెద్దకర్మలు, ఏదో ఒక ఊళ్లో దేవర (గ్రామదేవత జాతర). చావింటికొచ్చి పాడెకు భుజం పట్టినవాణ్ణి మా సీమలో జనం మరిచిపోరు. అది తప్పని నేను అనడం లేదు, కష్టంలో మనిషి ఎదురుగా నిలబడితే ఉండే ధైర్యం వేరు. కానీ ఎమ్మెల్యేను మనం ఓటేసి పంపింది ఎక్కడికి? సభకు. 175 మందిలో మన తరఫున లేచి అడిగే హక్కు ఆ ఒక్కరికే ఉంది. సభ కూర్చునేది ఏడాది మొత్తం మీద కొన్ని వారాలు, ఆ కాసిని రోజులు కూడా మనమే ఆయన్ను వెనక్కి లాక్కొస్తున్నాం.

ఒక సెప్టెంబరులో హెచ్చెల్సీ, అంటే తుంగభద్ర ఎగువ కాలువ, చివరి ఆయకట్టు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. సంచిలోంచి నాలుగు వేరుశనగ చెట్లు తీసి నా టేబుల్ మీద పెట్టాడు. కాయలు కట్టాల్సిన ఊడలు బయటికొచ్చి, నేలలోకి దిగలేక గాల్లోనే ఎండి నల్లబడ్డాయి. "నేల మెత్తబడితే కదా నాయనా దిగేది, ఒక్క తడి చాలు" అన్నాడు. ఎర్రమన్ను టేబులంతా పడింది. ఆయన వెళ్లాక నేను ఆ మన్ను తుడవకుండానే, పక్కన కాగితం పెట్టుకుని ప్రశ్న రాశాను: ఆ డిస్ట్రిబ్యూటరీ (పిల్లకాలువ) కింద ఎన్ని ఎకరాల ఆయకట్టు ఉంది, గత ఐదేళ్లలో చివరి తూముకు ఎన్ని రోజులు నీళ్లొచ్చాయి, కాలువ లైనింగ్‌కు నిధులు ఎప్పుడిస్తారు.

హెచ్చెల్సీ సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తా. కర్ణాటకలో ఉన్న తుంగభద్ర డ్యాం నుంచి ఎగువ కాలువలో ఆంధ్రకు కేటాయింపు 32.5 టీఎంసీలు. డ్యాం కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 105 దగ్గరికొచ్చింది. డ్యాంలో నీళ్లు తగ్గితే దామాషా ప్రకారం అందరి వాటా తగ్గుతుంది, మన దగ్గరికి వచ్చేసరికి ముందుగా ఎండేది చివరి తూము. అనంతపురం కలెక్టరేట్‌లో ఐఏబీ (సాగునీటి సలహా మండలి) మీటింగ్ పెట్టి, ఎమ్మెల్యేలందరూ కూర్చుని వాదించుకునేది ఉన్న నీళ్లలో ఎవరి కాలువకు ఎన్ని రోజులనే. కాలువ బాగుచేయడానికి డబ్బు, కర్ణాటకతో మాట్లాడటం, జీవో ఇవ్వడం, ఇవన్నీ తేలేది రాజధానిలో. 2012లో మా జిల్లాలోని జీడిపల్లి రిజర్వాయరుకు కృష్ణా నీళ్లొచ్చిన రోజు మా వాళ్లు ఎంత సంబరపడ్డారో గుర్తుంది. ఆ నీళ్ల కోసం ఎన్నేళ్లు ఎంతమంది సభలో, సభ బయటా గొంతు చించుకున్నారో కూడా గుర్తుండాలి.

మా ప్రశ్న బడ్జెట్ సమావేశాల్లో నక్షత్రం గుర్తు ప్రశ్నల జాబితాలోకి ఎక్కింది. నక్షత్రం గుర్తు ఉంటే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, ఆ జవాబు మీద మన సభ్యుడు మళ్లీ అనుబంధ ప్రశ్న వేయొచ్చు. అసలు బలం అక్కడే. కానీ బడ్జెట్ సమావేశాలంటే ఫిబ్రవరి, మార్చి. మాకు అవి మాఘం, ఫాల్గుణం: వరసగా ముహూర్తాలు, శివరాత్రి, తర్వాత కదిరి తేరు. ప్రశ్నకు ముందురోజు మధ్యాహ్నం నుంచి ఫోన్లు మొదలయ్యాయి, ఒక మండల నాయకుడి కూతురి పెళ్లి, సార్ రాకపోతే పరువు పోతుందని. సార్ సాయంత్రం బయల్దేరి వచ్చేశాడు. పొద్దున సభలో మా ప్రశ్న వంతు వచ్చినప్పుడు ఆయన కళ్యాణమంటపంలో అక్షింతలు వేస్తున్నాడు. తర్వాత జవాబు కాగితం మీద వచ్చింది, ఎకరాల లెక్క, కింద నిధుల గురించి "ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది" అని ఒక్క వాక్యం. ఎప్పుడు, ఎంత, ఎవరి దగ్గర ఆగింది అని అడగాల్సిన మనిషి అక్కడ లేడు. ఆ పెద్దాయనకు ఆ కాగితం చూపించడానికి నాకు నోరు రాలేదు.

తప్పంతా సార్ మీద వేయలేను. ఆ ఫోన్లు ఎత్తింది నేనే, ఆయనకు చెప్పిందీ నేనే.

మనకు రాజధాని ఎప్పుడూ దూరమే. మద్రాసు, తర్వాత హైదరాబాదు, 2017 నుంచి సభ అమరావతిలోని వెలగపూడిలో. మధ్యలో 1953 నుంచి 1956 దాకా ఆ మూడేళ్లు మాత్రమే కర్నూలు. 1952లో నీలం సంజీవరెడ్డి మీద గెలిచి మా కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి మద్రాసు సభకు వెళ్లిన రోజుల్లో ఇప్పటి రోడ్లూ లేవు, ఫోన్లూ లేవు. వెళ్లినవాణ్ణి పెళ్లికి రమ్మని అదే రాత్రి పిలిచే వీలూ లేదు. ఇప్పుడు రాత్రి బయల్దేరితే తెల్లారేసరికి ఇక్కడుంటారు కాబట్టి పిలుస్తున్నాం.

ఇప్పుడు నేను ఆ పనిలో లేను, ఊళ్లో సేద్యం చూసుకుంటున్నా. ఈసారి సమావేశాల ముందు మా కాలువ రైతులం నలుగురం అరుగు మీద కూర్చుని, ఎన్నో కిలోమీటరు దగ్గర గట్టు కోసుకుపోయిందో, ఏ తూముకు షట్టర్ లేదో వివరంగా రాసి ఎమ్మెల్యే ఆఫీసులో ఇచ్చొచ్చాం. నా సంచిలో మా అన్నకూతురి పెళ్లిపత్రిక కూడా ఉంది, ముహూర్తం సమావేశాల మధ్యలోనే పడింది. దాన్ని బయటికి తీయలేదు.