జొరమొచ్చినోళ్ల బ్రెడ్డు

మన బడి పాత స్నేహితులందరికీ, ఈసారి కలయికకు ముందు ఒక ముచ్చట. ఎనిమిదో తరగతిలో ఒకరోజు మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బా మూత తీసేసరికి బెంచీలో ఉన్న నలుగురూ వరసగా నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. "ఏమ్రా, జొరమా?" డబ్బాలో బ్రెడ్డు ఉంది మరి. అప్పట్లో అనంతపురంలో బ్రెడ్డంటే రోగి పథ్యం. పెద్దాసుపత్రిలో ఎవరినైనా పలకరించడానికి పోతే చేతిలో ఒక బ్రెడ్డు, అరడజను బత్తాయిలు ఉండాల్సిందే. వేడి పాలలో ముంచుకుని తినడం తప్ప బ్రెడ్డుకు ఇంకో ఉపయోగం ఉంటుందని మాకెవరికీ తోచలేదు. ఒళ్లు బాగున్నవాడు బ్రెడ్డు తింటే లేని జొరాన్ని పిలుచుకున్నట్టేనని మా అవ్వ నమ్మకం.

ఆరోజు నాకు జొరం లేదు. ముందురోజు తమ్ముడికి ఉండింది. వాడు మిగిల్చిన నాలుగు ముక్కలు పారేయడానికి మనసొప్పక, అమ్మ వాటికి నెయ్యి రాసి పెనం మీద కాల్చి, మధ్యలో చెనిక్కాయల (వేరుశనగల) పొడి చల్లి డబ్బాలో పెట్టింది. నేను తిన్న మొదటి శాండ్‌విచ్ అదే. ఆ తిండికి అలాంటి పేరొకటి ఉందని మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

పేరు చెప్పింది మన సోషల్ సారు. ఇంగ్లండు పాఠం చెబుతూ చెబుతూ పక్కకు పోవడం ఆయనకు అలవాటు కదా. కెంట్ ప్రాంతంలో శాండ్‌విచ్ అని ఒక ఊరుంది, ఆ ఊరి పేరు బిరుదుగా ఉన్న నాలుగో ఎర్ల్ జాన్ మాంటేగు అనే దొర పేకాట బల్ల దగ్గర నుంచి లేవకుండా, రెండు బ్రెడ్డు ముక్కల మధ్య మాంసం పెట్టించుకుని తినేవాడట. 1762లోనే ఎడ్వర్డ్ గిబ్బన్ అనే చరిత్రకారుడు తన డైరీలో ఈ తిండి పేరు రాసుకున్నాడని కూడా చెప్పారు. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "చేనికాడ మా నాయన జొన్నరొట్టెలో ఉల్లిగడ్డ కారం పెట్టుకుని చుట్టి తింటాడు గదా సార్, దానికెందుకు పేరు పెట్టలేదు?" అన్నాడు. సారు కాసేపు ఆలోచించి, "మీ నాయనకు పేకాట రాదు గదరా" అన్నారు.

ఆ ప్రశ్న అడిగినవాడు కమలానగర్‌లో ఉండేవాడు. పేరు రాస్తే కొడతాడు కాబట్టి రాయను. చదువుతున్న మీకందరికీ తెలుసు.

ఇక 1986 స్కూలు వార్షికోత్సవం. పదో తరగతి రెండు సెక్షన్లూ చెరో అంగడి పెట్టాలన్నారు. బి సెక్షన్ వాళ్లు తెలివిగలవాళ్లు, ఉగ్గాని (బొరుగుల ఉప్మా) బజ్జీ పెట్టుకున్నారు. అనంతపురంలో ఉగ్గాని బజ్జీ పెట్టి నష్టపోయినవాడు ఎవడూ లేడు. మేం మాత్రం కొత్తగా ఏదైనా చేయాలని పట్టుబట్టి శాండ్‌విచ్ అన్నాం. ఒకటి ముప్పావలా. పది బ్రెడ్డు దిమ్మలు కొన్నాం. అవి బేకరీలో కోసి ఇచ్చేవి కావు, మనమే కోసుకోవాలి. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని చిల్లికోతే అనే ఊళ్లో 1928లోనే మిషన్‌తో కోసిన బ్రెడ్డు అమ్మారని చాలా ఏళ్ల తర్వాత చదివినప్పుడు, ఆరోజు కూరగాయల కత్తితో బొబ్బలెక్కిన అరచెయ్యి గుర్తొచ్చింది. ఒక ముక్క వేలెడు మందం, ఇంకో ముక్క పోస్టుకార్డంత పలచన.

పొద్దున పదికల్లా టమాటాలు, దోసకాయలు చక్రాల్లా తరిగి, రుచి పడుతుందని ఉప్పు చల్లి, బ్రెడ్డులో పెట్టి, పెద్ద స్టీలు బేసిన్‌లో దొంతర పేర్చి, పైన తడిగుడ్డ కప్పాం. ఎండిపోకుండా తడిగుడ్డ కప్పాలని ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారన్నది ఇప్పటికీ తేలలేదు, ఎవరూ ఒప్పుకోరు. సాయంత్రం నాలుక్కి గుడ్డ తీశాం. పైవరస కొంచెం మెత్తబడింది, పరవాలేదు అనుకున్నాం. రెండో వరసలోకి చెయ్యి పెడితే శాండ్‌విచ్ రాలేదు, ముద్ద వచ్చింది. అడుగున ఎర్రటి నీళ్లు, అందులో నానిన బ్రెడ్డు, మధ్యలో గింజలు వదిలేసిన టమాటా తొక్కలు. మొదట కొన్న ముగ్గురూ డబ్బులు వెనక్కి అడిగారు. బి సెక్షన్ వాడొకడు వచ్చి బేసిన్‌లోకి తొంగిచూసి, "సంగటి చేసినారేమప్పా, మరి పులుసేదీ?" అన్నాడు. ఆ మాట ఆ తర్వాత మార్చిలో పరీక్షలయ్యేదాకా మమ్మల్ని వదల్లేదు.

సిగ్గుచేటు ఏమిటంటే, తొమ్మిదో తరగతిలో మేమే చేసిన ప్రయోగం అది. బంగాళాదుంపను సగానికి కోసి, గుంట తీసి, అందులో గాఢమైన ద్రావణం పోసి, గుండుసూది గుచ్చి మట్టం గుర్తుపెట్టి, నీళ్ల గిన్నెలో ఉంచితే మట్టం పెరుగుతుంది. ద్రవాభిసరణం. బొమ్మ గీసి భాగాలు గుర్తించి మార్కులు కొట్టేశాం. ఉప్పు ఉన్నవైపుకు నీళ్లు వస్తాయని తెలిసి కూడా, ఆరు గంటల ముందే దోసకాయకు ఉప్పు చల్లాం. సైన్సు సారు అంగడి దగ్గరికొచ్చి బేసిన్ చూసి ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే ఎక్కువ నొప్పించింది.

అప్పుడు కమలానగర్ వాడు, "ఉండండ్రా, మా అవ్వ ఈపొద్దు ఊరుబిండి నూరింది" అని సైకిలెక్కాడు. ఇరవై నిమిషాల్లో హ్యాండిల్‌కు సంచి తగిలించుకుని వచ్చాడు. సంచిలో మూత బిగించిన స్టీలు గిన్నె. ఊరుబిండి అంటే రోట్లో నూరే చెనిక్కాయల పచ్చడి. మూత తీయగానే వేయించిన చెనిక్కాయలు, కాల్చిన పచ్చిమిరపకాయలు కలిసిన వాసన వచ్చింది. రోట్లో నూరింది కాబట్టి మరీ మెత్తగా లేదు, అక్కడక్కడా పలుకు తగులుతోంది, చింతపండు పులుపు సరిగ్గా ఉంది, చివర్లో వేసి ఒక్క దంపు దంపిన ఉల్లిగడ్డ పచ్చిపచ్చిగా ఉంది. నీళ్లు ఒక్క చుక్క లేవు. గరిటె నిలబడింది. కోయకుండా మిగిలిన మూడు దిమ్మల్ని కోసి, ఊరుబిండి దట్టంగా పూసి, బి సెక్షన్ పొయ్యి మీదే (అడుక్కుని) పెనంలో కాల్చాం. గంటలో అయిపోయాయి. హెడ్మాస్టరు రెండు తిన్నారు. రెండోదానికి డబ్బులివ్వలేదు, అది వేరే సంగతి.

ఎందుకు చెడిందో, ఎందుకు బాగుపడిందో పూర్తిగా అర్థమైంది మాత్రం బొంబాయిలో. 1994లో ఉద్యోగం ఫోర్ట్ ప్రాంతంలో. ఆఫీసు కింద పేవ్‌మెంట్ మీద ఒక శాండ్‌విచ్ బండి. అతని చేతులు చూస్తూ నిలబడ్డమే నా మధ్యాహ్నం కాలక్షేపం. ముందు వెన్న. మధ్యలో ఒక మరక పెట్టి వదిలేయడు, నాలుగు అంచులదాకా సన్నగా లాగుతాడు. ఆ పైన కొత్తిమీర, పచ్చిమిర్చి పచ్చడి. తర్వాత ఉడికించిన బంగాళాదుంప, బీట్‌రూటు, దోసకాయ, టమాటా, ఉల్లిగడ్డ. ఒక్కో వరస మీద మసాలా చిటికెడు. ఏదీ ముందే తరిగి పెట్టుకోడు, మీరు అడిగాకే కత్తి కదులుతుంది. చేతి టోస్టర్‌లో పెట్టి నిప్పు మీద అటూ ఇటూ తిప్పి, ఆరు ముక్కలుగా కోసి, పైన సన్న కారప్పూస లాంటి సేవ్ చల్లి ఇస్తాడు. వెన్న ఎందుకని ఒకసారి అడిగాను. "పానీ రోక్‌తా హై సాబ్" అన్నాడు, నాకేమీ తెలియదన్నట్టు చూసి. కొవ్వు పొర దాటి నీళ్లు బ్రెడ్డులోకి దిగవు. అమ్మ పూసిన నెయ్యి, నూనె ఊరే చెనిక్కాయల ఊరుబిండి చేసిన పనీ అదే. బొంబాయి శాండ్‌విచ్ గొప్పది, కాదనను. బీట్‌రూటు మాత్రం నాకు ఎందుకో ఆసుపత్రిని గుర్తు చేస్తుంది.

హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో ఆఫీసు ఖర్చుతో క్లబ్ శాండ్‌విచ్ కూడా తిన్నాను. మూడు బ్రెడ్డు ముక్కలు, వాటి మధ్య అంతస్తులు, కూలిపోకుండా పైనుంచి పుల్ల గుచ్చారు. నోరెంత తెరిచినా పట్టదు. చివరికి విడగొట్టి అన్నం తిన్నట్టు తిన్నాను. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

ఇప్పుడు ఉండేది బెంగళూరు. వి.వి.పురంలో 1953 నుంచి ఉన్న వి.బి. బేకరీలో కాంగ్రెస్ బన్ అని ఇస్తారు. తియ్యటి మెత్తని బన్ను, లోపల వెన్న, ఆ వెన్నలో కారం పట్టించిన చెనిక్కాయ బద్దలు. మొదటిసారి తిన్నప్పుడు ఇది మనదేనని కౌంటరు దగ్గర గొడవ పెట్టుకోవాలనిపించింది. ఏడాదికి ఐదొందల యాభై మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని ఎర్రనేలలో మనవాళ్లు పండించే కాయ, రెండొందల కిలోమీటర్లు దాటొచ్చి వెన్నలో పడుకుని ఉంది. మా అమ్మాయి ఇంకో అడుగు ముందుకు పోయి డబ్బాలో వచ్చే పీనట్ బటర్ పూసుకుంటుంది. చెనిక్కాయలకు చక్కెర వేసి ముద్ద చేయడం నా దృష్టిలో నేరమే. దాని దృష్టిలో నేను పాతకాలం మనిషిని.

ఆదివారాలు వంటిల్లు నాది. మిరపకాయ బజ్జీలు రెండు వేసి, వేడిమీదే బ్రెడ్డు మధ్య పెట్టి అరచేత్తో నొక్కి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, నాలుగు చుక్కల నిమ్మరసం. ఉగ్గాని లేని లోటు తెలియదు. బి సెక్షన్‌తో చేసుకున్న సంధి అనుకోండి. ఊరుబిండి శాండ్‌విచ్ కూడా చేస్తాను గానీ, మిక్సీలో ఆ పలుకు రాదు. ఎంత ఆపి ఆపి తిప్పినా ఒకపక్క పిండి, ఒకపక్క గుండ్రాయి.

చివరగా ఒక ఒప్పుకోలు. ఆరోజు హడావిడిలో ఊరుబిండి గిన్నె మా ఇంటికి వచ్చేసింది. అంచు మీద చుక్కల అక్షరాల్లో కమలానగర్ వాడి అవ్వ పేరు చెక్కించి ఉంటుంది. అవ్వ పోయినప్పుడు నేను బొంబాయిలో ఉన్నాను. గిన్నె మాత్రం నాతోపాటు నాలుగు ఊళ్లు తిరిగింది. పోపుల డబ్బా పక్కనే ఉంది, ఇది రాసేముందు లేచి చూసొచ్చాను. కమలానగర్ అప్పా, ఈసారి కలయికకు గిన్నె తెస్తున్నాను. ఖాళీగా ఇవ్వకూడదని అమ్మ చెప్పింది కాబట్టి, పొద్దున్నే లేచి రోట్లో నూరి నింపుకొస్తాను. బ్రెడ్డు నువ్వు పట్రా. కోసింది కాదు, దిమ్మ.